ఎడమకు వాలిన కారు

లోకేశ్వరి కారు ఎడమ పక్కకు వాలి ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. పాలు పోసే ఆయన మొదలుకుని ఆమె పనిచేసే ఐటీఐ వాచ్‌మన్ వరకు ఆ మాట ఆమెతో అనని వాళ్లు లేరు. పెట్రోలు బంకులో ఆగితే, గొట్టం పట్టుకున్న మనిషి వంగి చూసి, "మేడమ్, ఎడమ ఎనక టైర్లో గాలి తక్కువున్నట్టుండాది" అనేవాడు. "సరే, చూస్తాలే" అని ఆమె ముందుకు కదిలేది. గాలి సరిగ్గానే ఉందని ఆమెకు తెలుసు. కారు ఎందుకు వాలిందో కూడా తెలుసు. తెలిసినా రెండేళ్లుగా చేయి పెట్టలేదు.

అది తెల్ల మారుతీ ఎనిమిదొందలు. చూడగానే మామూలు కారు కాదని తెలిసిపోతుంది. పొట్ట రోడ్డుకు ఆనుకున్నట్టు బాగా కిందికి దించి ఉంటుంది. తిరుపతిలో వీధికొక స్పీడు బ్రేకరు. వాటిమీద మిగతా కార్లు దూకిపోతుంటే, లోకేశ్వరి మాత్రం కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నే ఎక్కించి, చంటిబిడ్డను దించినట్టు దించుకునేది. వెనక ఆటోలవాళ్లు హారన్లు కొట్టేవారు. ఆమె వాటికి అలవాటు పడిపోయింది.

కారును అట్లా దించింది ఆమె భర్త మునిశేఖర్ కోసం. పెళ్లయిన కొత్తలో అతను ట్రాక్టరు విడిభాగాల ఏజెన్సీలో పనిచేస్తూ జిల్లా అంతా తిరిగేవాడు. అతనికి ఉన్న పిచ్చల్లా కార్ల పందేలు. మద్రాసు పొలిమేరల్లోనో, కోయంబత్తూరులోనో మట్టి మైదానంలో జెండాలు పాతి, వాటి చుట్టూ కార్లు తిప్పే పోటీలు జరుగుతుంటే, ఇతను సెలవు పెట్టి వెళ్లి కంచె పట్టుకుని చూసి వచ్చేవాడు. ఒకసారి లోకేశ్వరినీ తీసుకువెళ్లాడు. ఆమె ఆ దుమ్ములో నిలబడి చాలాసేపు చూసి, "ఆ ఎర్ర కారు వెనక భాగం ఎగరేస్తాండాది. స్ప్రింగులు సరిగా లేవు" అన్నది. మునిశేఖర్ కంచె వదిలేసి ఆమె వైపు తిరిగాడు. భార్య బాలికల ఐటీఐలో ఫిట్టరు పని నేర్పిస్తుందని అతనికి తెలుసు గాని, ఆమె కళ్లు కారు కిందికి కూడా చూస్తాయని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాతే, పందేల్లో అతనే నడపాలని ఈ పాత కారు కొన్నారు. చిత్తూరులో, మురకంబట్టు దగ్గర, లోకేశ్వరి మేనమామ కుప్పుస్వామికి లేతు షెడ్డు ఉంది. మొదట అందరిలాగే వెనక స్ప్రింగులు కోసి కారును కిందికి దించారు. అది ఎడ్లబండి కంటే అధ్వాన్నంగా ఎగిరింది. అప్పుడు లోకేశ్వరి కాగితం మీద బొమ్మ గీసి ఇస్తే, కుప్పుస్వామి స్ప్రింగుల కింద కూర్చునే రెండు ఇనుప గిన్నెలు చేసి, వాటికి మరలు కోశాడు. గిన్నెను పైకి తిప్పితే ఆ పక్క కారు లేస్తుంది. కిందికి తిప్పితే దిగుతుంది. మీద ఇంకో ఇనుప చుట్టు బిగిస్తే గిన్నె కదలకుండా నిలుస్తుంది. అట్లా కారు వెనక భాగం ఏ పక్క ఎంత ఎత్తులో ఉండాలో వాళ్ల చేతిలోకి వచ్చింది.

ప్రతి పందేనికి ముందు ఆ ఎత్తు సరిచూసుకునేవాళ్లు. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నడిపే మనిషి సీట్లో కూర్చుంటేనే కారు తన అసలు ఎత్తుకు దిగుతుంది. అప్పుడే ఇంకొకరు చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టి కొలవాలి. మునిశేఖర్ సీట్లో కూర్చునేవాడు. లోకేశ్వరి కారు చుట్టూ తిరిగేది.

"ఊపిరి బిగబట్టద్దు. మామూలుగా కూర్చో" అనేది ఆమె.

"మామూలుగానే ఉండాను. పొద్దున తిన్న ఉప్మా బరువు గూడా చేరిందా నీ కొలతలో?" అనేవాడు అతను.

మునిశేఖర్ భారీ మనిషి. అతను కుడి పక్క కూర్చుంటే కారు ఆ పక్కకు కుంగేది. అందుకని కుడి గిన్నెను ఎడమదాని కంటే రెండు మరలు పైకి తిప్పి పెట్టింది లోకేశ్వరి. అతను కూర్చున్నప్పుడు కారు పలక పరిచినట్టు సమంగా ఉండేది. దిగితే ఎడమకు వాలేది.

నాలుగైదేళ్లు అట్లా గడిచాయి. కప్పులు కొన్ని వచ్చాయి. ఫోటోల్లో అతనే ఉండేవాడు. ఆమె ఎక్కడో వెనక, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఉండేది. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. కారు మూల తిరిగినప్పుడు వెనక చక్రాలు నేలను వదలకుండా ఉంటే, అది తన చేతి పనేనని ఆమెకు తెలుసు, అతనికి తెలుసు. ఇద్దరికి తెలిస్తే చాలనుకునేది.

తర్వాత అంబత్తూరులో ఒక రేసు టీము అతన్ని రమ్మన్నది. మొదట శని ఆదివారాలు వెళ్లివచ్చేవాడు. తర్వాత వారాలు, ఆ తర్వాత నెలలు. చివరికి ఒకరోజు పొద్దున్నే వచ్చి, వరండాలో చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, "నీకు అబద్ధం చెప్పలేను లోకా. ఆడ ఒకామె ఉండాది" అన్నాడు. లోకేశ్వరి అరవలేదు. లోపలికి వెళ్లి పొయ్యిమీది పాలు దించి వచ్చింది. కుప్పుస్వామి, మునిశేఖర్ అన్న కూర్చుని మాట్లాడి ఇద్దరినీ విడదీశారు. పిల్లలు లేరు కాబట్టి మాటలు పొడుగు సాగలేదు. పోయేటప్పుడు అతను తన బట్టలు, కప్పులు తీసుకుని, "కారు నువ్వే పెట్టుకో. నాకు టీము కారు ఉండాది" అన్నాడు.

ఆమె కారును పెట్టుకుంది. అందులోనే ఐటీఐకి వెళ్లేది. సన్నటి మనిషి కావడంతో ఆమె కూర్చున్నా కారు సమానం అయ్యేది కాదు. కుడి పక్క లేచే ఉండేది. కుడికి మలుపు తిరిగితే కారు ఇంకాస్త ఎడమకు ఒరిగి, ఎడమ వెనక టైరు మడ్‌గార్డుకు రాసుకుని గర్రుమనేది. అందుకని కుడి మలుపులన్నీ నెమ్మదిగా తిప్పడం నేర్చుకుంది. సరిచేయాలంటే చదునైన నేల కావాలి, పక్కన ఇంకో మనిషి కావాలి, ఆదివారం కావాలి అని తనకు తానే చెప్పుకునేది. అవన్నీ నిజమే. కానీ అవి దొరకని వస్తువులు కావు. చిత్తూరు వెళ్తే మామ షెడ్డు ఉంది. వెళ్లినప్పుడు కూడా కారును షెడ్డు బయట చింతచెట్టు కింద ఆపి, మామ చూపు దానిమీద పడక ముందే లోపలికి వెళ్లిపోయేది.

రెండు వేల మూడు ఎండాకాలం చివర్లో, ఒక ఆదివారం పొద్దున మునిశేఖర్ వచ్చాడు.

గేటు దగ్గర ఆటో ఆగింది. నున్నటి గుండు, దానిమీద గంధం, నుదుట నామం పెట్టుకున్న మనిషి దిగాడు. కొండ దిగి వచ్చిన యాత్రికుడు ఎవరో దారి అడగడానికి వచ్చాడనుకుంది లోకేశ్వరి. అతను గేటు పట్టుకుని నిలబడిన తీరు చూశాక గాని గుర్తుపట్టలేదు.

"నేను లోకా" అన్నాడు.

"తెలస్తాండాది. రా."

అతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో ఉన్న లడ్డూ పొట్లం బల్లమీద పెట్టాడు. ఆమె కాఫీ కలిపి ఇచ్చింది. ఎంత చక్కెర వేయాలో అడగలేదు, అడగకుండానే వేసింది. వేశాక ఆ సంగతి గమనించి ఇబ్బంది పడింది.

"పిల్లోడికి పుట్టెంట్రుకలు తీపిచ్చినాము" అన్నాడు అతను, గ్లాసులోకి చూస్తూ. "వాళ్లు సత్రంలో పండుకోనుండారు. కొండకి వచ్చి నిన్ను పలకరించకుండా పోతే బాగుండదనిపించింది."

"మొగపిల్లోడా?"

"ఊ. రూపేష్ అని పెట్టినాము."

"గుండు గీసేటప్పుడు ఏడ్చినాడా?"

"బో ఏడ్చినాడు. నాకూ గీస్తాంటే చూసి నవ్వినాడు."

ఆమె కూడా కొంచెం నవ్వింది. అతను కాఫీ తాగి, లేచి వరండాలోకి వచ్చి, పక్కన నిలబెట్టి ఉన్న కారును చూశాడు.

"ఇంకా ఇదే నడుపుతాండావా?"

"నడస్తాండాది గదా."

"ఒకసారి కూర్చోనా?"

ఆమె తాళం ఇచ్చింది. అతను తలుపు తీసి, ముందు తల వంచి, తర్వాత ఒళ్లు కూడదీసుకుని, ఎప్పటిలాగే సీట్లోకి జారాడు. కారు కుడి పక్క మెల్లగా కిందికి దిగింది. లోకేశ్వరి కారు వెనక నిలబడి ఉంది. ఆమె కళ్లు ఆమెను అడగకుండానే రెండు వెనక చక్రాల మీదికి పోయాయి. ఎడమ టైరుకు పైన ఎంత సందు ఉందో, కుడి టైరుకు పైన అంతే సందు ఉంది. రెండేళ్ల తర్వాత ఆ కారు నిటారుగా నిలబడింది.

లోపల మునిశేఖర్ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. అద్దం సరిచేయబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమీ మార్చలేదా?" అని అడిగాడు.

"లేదు."

"నా లెక్కకే ఉండాది ఇంకా."

అతను గొప్పగా అనలేదు. ఎవరింట్లోనో తన పాత చొక్కా ఉతికి మడిచి పెట్టి ఉండగా చూసినవాడిలా అన్నాడు. తర్వాత దిగి, ఎడమ పక్కకు వెళ్లి, వంగి టైరు లోపలి అంచు వేళ్లతో తడిమాడు.

"దారాలు తేలినాయి. పేలుతాది ఇది. చూసినావా?"

"చూసినా."

"మార్చుకో లోకా. నీ బరువుకి పెట్టుకో. కుప్పుస్వామి మామను కూర్చోబెట్టుకోని చెయ్యి."

"మామ కూర్చుంటే కారు నేలకి ఆనుకుంటాది."

మునిశేఖర్ నవ్వాడు. ఆ నవ్వు ఇంకా ముగియకముందే ఆటోవాడు హారన్ కొట్టాడు. అతను తాళం ఆమె చేతిలో పెట్టి, "పోయొస్తా" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆటో మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే ఉంది. ఇటు తిరిగి చూస్తే కారు మళ్లీ ఎడమకు వాలి ఉంది.

ఆ లడ్డూ పొట్లం తీసుకువెళ్లి వెనక వాటాలో ఉండే నాగులమ్మకు ఇచ్చేసింది. నాగులమ్మ ఆ ఇంటి యజమానురాలు, ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. పొట్లం చూసి, లోకేశ్వరి మొహం చూసి, "ఎవురు మే కొండకి పోయొచ్చింది?" అని మాత్రం అడిగింది. "తెలిసినవాళ్లు" అంది లోకేశ్వరి.

ఆ వారమంతా ఐటీఐలో పిల్లలకు ఆకురాయి పట్టడం నేర్పిస్తున్నా, ఆమెకు ఆ రెండు చక్రాల పైన ఉన్న సమానమైన సందులే కనబడుతూ వచ్చాయి. అతను వస్తాడని ఎదురుచూశానా అని తనను తాను అడిగితే, లేదనే జవాబు వచ్చింది. అతను వచ్చి ఉండిపోతాడని ఆమె ఏనాడూ అనుకోలేదు. కానీ అతను కూర్చునే చోటును మాత్రం అట్లాగే ఉంచింది. అది అతని కంట పడింది. అదే ఆమెకు మింగుడుపడలేదు. ఇంట్లో అతని చొక్కా ఒక్కటి లేకుండా తీసేసిన మనిషి, అతని బరువును మాత్రం రెండేళ్లు కారులో పెట్టుకుని ఊరంతా తిరిగింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. తెల్లారగానే పాత చీర కట్టుకుని, కొంగు దోపి పని మొదలుపెట్టింది.

మొదటిది నేల. వాకిట్లో గచ్చు ఉంది గాని, వాననీళ్లు పోవడానికి వీధి వైపు వాటం పెట్టి కట్టారు. తాపీ మేస్త్రులు వాడే నీళ్ల ట్యూబు ఐటీఐ నుంచి తెచ్చుకుంది. దానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండాలి. ఆమె ఒక చివరను కిటికీ చువ్వకు కట్టి, రెండో చివర పట్టుకుని నాలుగు చక్రాల చోట్లకూ తిరిగింది. నీటిమట్టం చూడటం, వెనక్కి వెళ్లి కిటికీ దగ్గర చూడటం, మళ్లీ రావడం. పల్లంగా ఉన్న చోట చక్రాల కింద బండ పెంకులు పేర్చి సమం చేసింది. ఇద్దరుంటే కాఫీ చల్లారేలోపు అయ్యే పనికి ఎండ నడినెత్తికి వచ్చేంత సేపు పట్టింది.

రెండోది బరువు. ముందురోజు సాయంత్రమే రేణిగుంట రోడ్డులో పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లింది. తూకం బల్ల మీద తానే ఎక్కి నిలబడింది. ముల్లు ఎక్కడ ఆగిందో సుద్దతో గీత గీయించి, దిగి, అదే గీతకు వచ్చేదాకా రెండు సంచుల్లో ఇసుక పోయించింది. "ఇంత ఇసక ఎవరికమ్మా?" అని కొట్టాయన అడిగాడు. "నాకే" అంది.

ఇప్పుడు ఆ పెద్ద సంచిని సీట్లో కూర్చోబెట్టింది. చిన్నదాన్ని కాళ్లుండే చోట పెట్టింది. సంచి ముందుకు పడిపోతుంటే సీటు బెల్టు తగిలించింది.

జాకీ వేసి వెనక భాగం లేపి, కుడి చక్రం ఊడదీసింది. గిన్నె మీద బిగించిన చుట్టు తుప్పుపట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, సుత్తితో చుట్టూ తట్టి, మళ్లీ పోసి, ఆగింది. రెండేళ్లుగా ఎవరూ తాకని మరలు అవి. చివరికి స్పానరు కొసకు పైపు తగిలించి, ఒంటి బరువంతా వేస్తే చుట్టు కిర్రుమని వదిలింది. గిన్నెను రెండు మరలు కిందికి దించి, చక్రం బిగించి, కారును దించింది. అంతటితో కాదు. జాకీ మీద నుంచి దిగిన కారు వెంటనే తన ఎత్తుకు రాదు. దాన్ని ముందుకీ వెనక్కీ కొంచెం దొర్లించాలి, వెనక భాగాన్ని అదిమి వదలాలి. అప్పుడు కొలవాలి. ఆమె కారును భుజంతో నెట్టి, వెనక్కి లాగి, పెంకుల మీదికి సరిగ్గా తెచ్చి, డిక్కీ మీద అదిమి, టేపు పట్టింది. సమానం రాలేదు. కుడి దించితే ఎడమ లేచింది. మళ్లీ జాకీ, మళ్లీ చక్రం.

మూడోసారి కొలిచి లేచి నిలబడినప్పుడు ఆమె చూపు వెనక అద్దంలోంచి లోపలికి పోయింది. సీట్లో ఇసుక సంచి బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. భుజం ఉండాల్సిన చోట సంచి మూల కొద్దిగా ఒక పక్కకు జారింది. అది తన బరువే, గ్రాము తేడా లేకుండా తనే. ఎవరూ పలకరించని చోట, ఎక్కడికీ పోని బండిలో, ముందుకు చూస్తూ కూర్చుని ఉంది. లోకేశ్వరి చేతిలోని టేపు సర్రున వెనక్కి చుట్టుకుంది. ఆమె వెళ్లి వరండా మెట్టు మీద కూర్చుని, నూనె చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, చాలాసేపు లేవలేదు.

నాగులమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చి కారును చూసి ఆగింది.

"ఎవురు మే కార్లో?"

"ఎవురూ లేరు. ఇసక."

"ఇసకకి బెల్టు ఎందుకు మే?" నాగులమ్మ బకెట్టు దించి, దగ్గరికి వెళ్లి, కిటికీలోంచి తొంగిచూసి వచ్చింది. లోకేశ్వరి చెప్పింది. తాను కూర్చుంటే కొలిచేవాళ్లు లేరని, తాను కొలిస్తే కూర్చునేవాళ్లు లేరని, అందుకే తనంత ఇసుక పెట్టానని.

నాగులమ్మ అంతా విని, "దానికి నేను కూర్సుంటే సాలదా?" అంది.

"నువ్వు నా అంత బరువు ఉండాలి గదా అమ్మా."

"మొన్న వానకి తడిసొచ్చి నా జాకెట్టు ఏసుకుంటివే, యాడన్నా వదులైందా, బిగువైందా? తీసెయ్ ఆ మూట. నాకు దాన్ని సూస్తే బాగలేదు."

ఇద్దరూ కలిసి సంచిని దించారు. నాగులమ్మ చీర సర్దుకుని, పొట్టి కారులోకి ఎట్లా దిగాలో తెలియక వెనక్కి తిరిగి, బావిలో దిగినట్టు దిగింది. స్టీరింగు ముందు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. అప్పుడే పుట్టిన బిడ్డను అందుకునే తీరులో దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"కదలొచ్చునా?"

"వద్దు."

"మాట్లాడొచ్చునా?"

"మాట్లాడు. మాటకి బరువు లేదు."

నాగులమ్మ మాట్లాడింది. ఆస్పత్రిలో తాను ఎత్తిన కవలల గురించి, ఎప్పుడూ తిట్టే ఒక నర్సమ్మ గురించి, ఈసారి మామిడికాయలు పులుపు లేవని. లోకేశ్వరి కారు వెనక నేలమీద పడుకుని, చక్రం పక్క నుంచి టేపు పట్టుకుని వింటూ వచ్చింది. ఆ వాకిట్లో ఎవరైనా అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో అనుకుంది. మాటల మధ్యలో నాగులమ్మ అడిగింది:

"ఈ పక్క ఎందుకు ఎత్తుగా ఉణ్ణింది మే?"

కారు వెనక పడుకుని ఉన్నందుకు లోకేశ్వరికి ఆమె మొహం కనబడలేదు. తన మొహమూ ఆమెకు కనబడదు. అందుకే చెప్పగలిగింది.

"ఆయన బరువుకి పెట్టినా."

"ఆయన పోయి రెండేండ్లు గదా?"

"ఊ."

"అప్పుట్నుంచి అట్నే నడుపుతాంటివా?"

"ఊ."

లోకేశ్వరి టేపు కొస అట్లాగే పట్టుకుని పడుకుంది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి పోతుంటే తుడుచుకోలేదు, చేతులకు నూనె ఉంది.

పైనుంచి నాగులమ్మ గొంతు వచ్చింది. "నేను గట్టిగా ఊపిరి తీసుకుంటే పైకి కిందికి అవతాదా?"

"కాదమ్మా. తీసుకో."

ఇంకో అర మర తిప్పాక రెండు పక్కలా కొలత ఒకటే వచ్చింది. లోకేశ్వరి నమ్మక, మళ్లీ దొర్లించి మళ్లీ కొలిచింది. అదే వచ్చింది. పైన చుట్లు బిగించి, చక్రాలు ఎక్కించి, అరిగిపోయిన ఎడమ టైరు తీసేసి స్టెప్నీ వేసింది. నాగులమ్మ దిగి, నడుం పట్టుకుని, వీధిలోకి వెళ్లి నిలబడి కారును వెనక నుంచి చూసింది.

"ఇప్పుడు సక్కంగా ఉండాది" అంది. తర్వాత, "నువ్వు ముందు అన్నం తిను" అంది.

లోకేశ్వరికి ఏడవాలనిపించలేదు. సంతోషంగానూ లేదు. చాలాకాలంగా తాళం వేసి ఉంచిన గది తెరిచి, కడిగేసి, తలుపులు తీసి పెట్టినట్టు ఉంది. లోపల ఏమీ లేదు. ఉన్నదేమో అనుకోవడం కూడా ఇకమీద కుదరదు.

తిన్నాక కారును నడిపి చూడాలి. నాగులమ్మను రమ్మంటే తల తిరుగుతుందని రాలేదు. లోకేశ్వరి ఒక్కతే బయల్దేరింది. రేణిగుంట దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. మొదటి కుడి మలుపులో ఆమె కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయింది. టైరు గర్రుమంటుందని చెవి రిక్కించింది. ఏమీ వినబడలేదు. రెండో మలుపులో కాస్త ధైర్యం చేసింది. ఏర్పేడు దగ్గరికి వచ్చేసరికి కుడి ఎడమలు రెండూ ఒకటే అయ్యాయి. కారు ఆమె చేతులు చెప్పినట్టు తిరిగింది. ఇన్నేళ్లలో ఆ కారు ఆమె మాట వినడం అదే మొదలు. ఆ సంగతి పక్కకు తిరిగి చెప్పబోయింది. పక్క సీట్లో టేపు, నూనె గుడ్డ ఉన్నాయి.

ఏర్పేడులో వెనక్కి తిరగాలనుకున్నది, తిరగలేదు. శ్రీకాళహస్తి వచ్చింది, దాటింది. పొలాలు, చెరువు గట్లు, ఎండలో మెరిసే వరికోత మళ్లు వెనక్కి పోయాయి. తడ దగ్గర పెద్ద రోడ్డు తగిలి, వరసగా ఆగిన లారీలు, చెక్‌పోస్టు కనబడ్డాక గాని, తాను ఏ దారిన వచ్చిందో ఆమెకు పట్టలేదు. పుత్తూరు రోడ్డులో గుంతలు ఎక్కువని, దించిన కారుకు ఇదే మంచిదని, దూరమైనా పందేలకు ఇద్దరూ ఎప్పుడూ ఇట్లాగే వచ్చేవాళ్లు. ఇక్కడ టీ తాగి, సరిహద్దు దాటి మద్రాసు పోయేవాళ్లు. చేతులు ఆ అలవాటుకే పోయాయి.

ఆమె కారు పక్కకు ఆపి టీ తాగింది. మద్రాసు బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఇంకో గంట నడిపితే అంబత్తూరు. అక్కడ ఒక ఇంట్లో గుండు గీయించుకున్న పిల్లోడు పాకుతూ ఉంటాడు. అక్కడికి పోవాలని ఉందా అని తనలోకి తాను చూసుకుంది. లేదు. ఎక్కడికీ పోవాలని లేదు. ఎవరికైనా చెప్పాలని మాత్రం ఉంది.

టీ కొట్టు పక్కనే ఎస్టీడీ బూతు. లోపలికి వెళ్లి చిత్తూరు మామ ఇంటికి చేసింది.

"ఎవురు? లోకానా? ఏం మే, ఇప్పుడు ఫోను సేసినావు?" కుప్పుస్వామి నిద్రలోంచి లేచిన గొంతుతో అడిగాడు.

"మామా, కారు ఎత్తు సరిచేసినా."

"ఎవురు కూర్సున్నారు?"

"ఇంటామె. నాగులమ్మ."

"రెండు మరలు దించితివా?"

"రెండున్నర."

"టైరు రాసుకోవడం లేదా ఇప్పుడు?"

"లేదు."

"నువ్వొచ్చి చింతచెట్టు కింద ఆపి లోపలికి వచ్చేస్తాంటివే, అప్పుడంతా సూస్తానే ఉంటి నేను. నువ్వు అడగకుండా నేను సెయ్యి పెట్టేది కాదని ఊరకుంటి" అన్నాడు కుప్పుస్వామి. కొంచెం ఆగి, "యాడినుంచి మాట్లాడతాండావు?" అన్నాడు.

"తడ."

"తడలో ఏం పని?"

"ఏం లేదు మామా. నడిపి చూద్దామని వచ్చినా. వెనక్కి తిరుక్కుంటాండా."

"సరే. ఆదివారం రా. మీ అత్త నాటుకోడి కోస్తానంటాండాది" అని ఫోను పెట్టేశాడు.

ఆమె కారు తిప్పుకుని వచ్చిన దారినే బయల్దేరింది. శ్రీకాళహస్తి చేరేసరికి వీధి లైట్లు వెలుగుతున్నాయి. గట్టిగా ఆకలేసింది. బస్టాండు దగ్గర హోటల్లోకి వెళ్లి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా పోని నూనె మరకలతోనే కూర్చుని కారం దోశె చెప్పింది. సర్వరు రెండు గ్లాసులు తెచ్చి, ఒకదాంట్లో నీళ్లు పోసి, రెండోది ఎదురు కుర్చీ ముందు పెడుతూ, "ఇంకెవరన్నా వస్తారా అమ్మా?" అని అడిగాడు.

"లేదు. నేనొక్కదాన్నే" అంది లోకేశ్వరి. "కారం కొంచెం ఎక్కువ పుయ్యమను."